రక్తంలో క్లెబ్సియెల్లా, మెరోపెనం పనిచేయదట: రెండు మందులు ఎందుకు?

ప్రశ్న (అనంతపురం):
మా అమ్మకు మెడ దగ్గర కాథెటర్ (గొట్టం) పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. మొన్న డయాలసిస్ మధ్యలో వణుకు, జ్వరం వచ్చాయి. బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. రిపోర్టులోని యాంటీబయాటిక్‌ల పట్టికలో మెరోపెనం ఎదురుగా ఆర్ (పనిచేయదు), కొలిస్టిన్ ఎదురుగా ఐ (మధ్యస్థం), కింద ఎన్‌డీఎం అని ఉంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌తో పాటు అజ్‌ట్రియోనామ్ కూడా ఇస్తారట. ధర వింటే గుండె గుభేలుమంది. ఒకటి చాలదా?

జవాబు 1:
ఇంకా ఆలోచిస్తున్నారా? వెంటనే బెంగళూరు తీసుకెళ్లండి.

జవాబు 2 (కర్నూలు, మైక్రోబయాలజీ ల్యాబ్):
పై సలహాకు తొందరపడకండి. బీపీ నిలకడగా లేకపోతే మనిషిని రెండు వందల కిలోమీటర్లకు పైగా తిప్పడం మంచిది కాదు. మీ డాక్టర్లు రాసిన మందులు సరైనవే.

ఎన్‌డీఎం అనే ఎంజైమ్ మెరోపెనంను ఛేదిస్తుంది. ఎంజైములను అడ్డుకోవడానికి కలిపే అవిబాక్టమ్‌కు అది లొంగదు కాబట్టి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే చాలదు. అజ్‌ట్రియోనామ్‌ను ఎన్‌డీఎం ఏమీ చేయలేదు. కానీ ఈ రకం క్లెబ్సియెల్లాలో ఈఎస్‌బీఎల్ వంటి వేరే ఎంజైములూ ఉంటాయి, అవి దాన్ని పాడుచేస్తాయి. వాటిని అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. అందుకే జంటగా, వీలైనంతవరకు ఒకే సమయంలో ఎక్కించాలి. డయాలసిస్ రోజున మోతాదు డయాలసిస్ అయ్యాకే ఇవ్వాలి, లేకపోతే మందు కొంత యంత్రంలోకే పోతుంది.

కొలిస్టిన్ దగ్గర ఐ చూసి ఆశపడవద్దు. అమెరికా ప్రమాణాల్లో 2020 నుంచి ఆ మందుకు ఎస్ (పనిచేస్తుంది) అనే వర్గమే లేదు.

ఇంతకీ ఆ కాథెటర్ తీశారా? నేనైతే మందు ధరకంటే ముందు ఇదే అడిగేవాణ్ణి. గొట్టం లోపలి జిగట పొరలో దాక్కున్న క్రిములను మందు సరిగా చేరలేదు.

ప్రశ్న అడిగినవారు:
తీయలేదండీ. తీస్తే డయాలసిస్ ఎలా? మందు ఎన్ని రోజులు?

జవాబు 2:
తొడ దగ్గర తాత్కాలిక కాథెటర్ పెడతారు, లేదా రెండు డయాలసిస్‌ల మధ్య విరామంలో పాతది తీసి తర్వాత కొత్తది వేస్తారు. ఏది కుదురుతుందో నెఫ్రాలజిస్టును ఈ రోజే అడగండి. గొట్టం తీసి జ్వరం తగ్గితే సాధారణంగా 7 నుంచి 14 రోజులు. పనిచేసే మందు మొదలైన రోజు నుంచి లెక్క, మెరోపెనం ఇచ్చిన రోజులు అందులో చేరవు. పక్క మంచంవారికి స్టాఫ్ ఆరియస్ అనే వేరే క్రిమి అయితే వారి లెక్క వేరు, కనీసం 14 రోజులు. పోల్చుకోవద్దు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, బయట కొనే ముందు ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఇంజెక్షన్లు ప్యాకేజీలోకి వస్తాయో లేదో అడగండి.