పొద్దున్నుంచీ కొలుస్తున్నాం, ఐమూలలు కలవట్లేదు. రేపే తవ్వకం!

సొంతింటికల:
అందరికీ నమస్కారం. ఉదయం ఆరింటికి మొదలుపెట్టాం, ఇప్పుడు సాయంత్రం నాలుగు. ఇంటికి ముగ్గు పోద్దామంటే మూలలు కుదిరి చావట్లేదు. ఇల్లు 40 × 30 అడుగులు. నాలుగు మేకులు కొట్టి దారం కట్టాం. భుజాలు నాలుగూ సరిగ్గానే వస్తున్నాయి. ఐమూలగా, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలిస్తే మాత్రం ఒకటి 50 అడుగుల 4 అంగుళాలు, రెండోది 49 అడుగుల 8 అంగుళాలు. ఒక మేకు పీకి అటు జరిపితే ఐమూల కుదురుతుంది, భుజం పోతుంది. భుజం సరిచేస్తే మళ్లీ ఐమూల పోతుంది. ఇలా ఐదుసార్లయింది. మా నాన్నగారు పొద్దున్నుంచీ ఎండలో టేపు కొస పట్టుకునే ఉన్నారు. ఏ మేకు ఎటు జరపాలో చెప్పండి, అంతే చాలు. రేపు పొద్దున్నే తవ్వే మిషన్ వచ్చేస్తుంది.

పాతమేస్త్రి:
మట్టం చూశారా?

సొంతింటికల:
చూశామండీ. నాలుగు మూలల్లోనూ మూలమట్టం (మూల 90 డిగ్రీలుందో లేదో చూసే పనిముట్టు) పెట్టి చూశాం, దారానికి ఆనుకునే ఉంది.

పాతమేస్త్రి:
మూలమట్టం కాదు. మట్టం. నేల మట్టం.

సొంతింటికల:
ఓ, అదా. వెనక్కి కాస్త వాలు ఉంది. మూడడుగులు ఉంటుందేమో. ఎలాగూ పునాదిలో లేపుకుంటాం కదా అని రాయలేదు.

పాతమేస్త్రి:
మూడడుగులంటే కాస్త కాదు. టేపు నేలమీద పరిచి కొలిచారు. తప్పు అక్కడే.

నీడకర్ర:
అసలు మొదటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంటి ముందు గీత ఏ దిక్కు చూసి గీశారు? ఫోన్లో దిక్సూచి చూసి గీసి ఉంటే మాత్రం దాన్ని నమ్మకండి. అయస్కాంతం చూపే ఉత్తరం వేరు, అసలు ఉత్తరం వేరు. ఆ తేడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది కూడా. పక్కన ఇనప చువ్వల కట్టలు పడి ఉంటే ముల్లు ఇంకా పక్కకు లాగుతుంది. నేనైతే నీడ చూసే గీస్తాను. చదునైన చోట ఒక కర్రను నిట్టనిలువుగా పాతండి, దాని చుట్టూ తాడుతో గుండ్రం గీయండి. పొద్దున నీడ కొస గుండ్రం లోపలికి వచ్చేచోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటికి పోయేచోట ఇంకో గుర్తు పెట్టండి. ఆ రెండూ కలిపితే తూర్పు పడమరల గీత. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథం కాత్యాయన శుల్బసూత్రంలో ఉన్న పద్ధతి ఇదే. శుల్బం అంటేనే తాడు. తాడు, కర్ర, సూర్యుడు ఉంటే చాలు. గదిలోకి పొద్దుటి ఎండ వస్తుందా సాయంత్రపు ఎండ వస్తుందా అన్నది జీవితాంతం అనుభవించేది కాబట్టి ఒక్క రోజు నీడ కోసం ఆగడం నష్టం కాదు.

సొంతింటికల:
దిక్కుతో ఇబ్బంది లేదండీ, ముందు వైపు రోడ్డుకి సమాంతరంగా పెట్టుకున్నాం. మూలలు కలవకపోవడమే ఇబ్బంది.

పురికొస:
కొంచెం ఆగండి, మీ అంకెల్లోనే జవాబు ఉంది. 40, 30 భుజాలైతే రెండు ఐమూలలూ కచ్చితంగా 50 రావాలి. మీకు వచ్చినవి 50.33, 49.67. రెండింటి వర్గాలూ కలిపితే దాదాపు 5000 వస్తోంది. 40 వర్గం, 30 వర్గం కలిపి రెట్టింపు చేసినా 5000. అంటే మీ భుజాలు నిజంగానే సరిగ్గా ఉన్నాయి, మొత్తం చట్రమే ఒక పక్కకి ఒరిగింది. మేస్త్రి గారూ, వాలు తిన్నగా వెనక్కే ఉంటే రెండు ఐమూలలూ ఒకేలా మారతాయి, ఒకటి పెరిగి ఇంకోటి తగ్గదు. కాబట్టి ఈ తేడా వాలు వల్ల రాలేదు.

ఎంత ఒరిగిందంటే, 40 అడుగుల పొడవుకి సుమారు 7 అంగుళాలు. మీ మూలమట్టం చెయ్యి రెండడుగులు ఉంటే, ఆ కొస దగ్గర ఈ తేడా అంగుళంలో మూడో వంతే. దారం కాస్త ఊగినా అంత జరుగుతుంది, కంటికి ఎక్కడ ఆనుతుంది? మూలమట్టం గోడ కట్టేటప్పుడు పనికొస్తుంది, ఇంటికి ముగ్గు పోయడానికి చాలదు.

ఒక్క మాట చెప్పండి. పక్క గీత ఎలా తీసుకున్నారు?

సొంతింటికల:
పక్క హద్దు నుంచి 5 అడుగులు వదిలి, దానికి సమాంతరంగా తీసుకున్నాం. ముందు గీత రోడ్డుకి సమాంతరం, పక్క గీత హద్దుకి సమాంతరం. అందరూ అలాగే తీసుకుంటారు కదా?

పురికొస:
ఇదిగో, దొరికింది. మీ స్థలం మూలే 90 డిగ్రీలు లేదు. స్థలం ఒరిగి ఉంటే, రెండు హద్దులకూ సమాంతరంగా గీసిన ఇల్లూ దానితోపాటే ఒరుగుతుంది. ఏదో ఒక హద్దునే పట్టుకోవాలి. ముందు గీత ఉంచేయండి, ముందు రెండు మేకులూ కదపొద్దు. ఒక మేకు నుంచి ఒక టేపు 40 అడుగులు, అవతలి మేకు నుంచి ఇంకో టేపు 50 అడుగులు లాగండి. రెండూ కలిసిన చోట వెనక మేకు. రెండో వైపూ అలాగే. ఇన్నిసార్లు కుదరకపోవడానికి కారణం మీరు ఒక్కొక్క మేకే జరపడం. వెనక మేకులు రెండూ కలిసి ఒకే వైపుకి, పెద్ద ఐమూల తగ్గేవైపుకి జరగాలి.

గీతలపని:
ఐమూలలు సమానమైతే చాలు, ఇంత లెక్క ఎందుకు?

పురికొస:
చాలదు. ముందు 30, వెనక 29 ఉండి పక్కలు రెండూ సమానంగా ఉన్నా ఐమూలలు సమానంగానే వస్తాయి, అది దీర్ఘచతురస్రం కాదు. ఎదురెదురు భుజాలూ సమానం కావాలి, ఐమూలలూ సమానం కావాలి.

గీతలపని:
భుజాలు ఎలాగూ కొలుస్తాం, అది వేరే చెప్పాలా? సరే, నాది ఇంకో ప్రశ్న. ఆ 40 × 30 దేనికి? గోడ బయటి ముఖానికా, స్తంభాల సెంటర్లకా?

సొంతింటికల:
ఇంటి సైజు అండీ.

గీతలపని:
సైజు అంటే ఏమీ చెప్పినట్టు కాదు. బయటి ముఖానికైతే, 9 అంగుళాల స్తంభాలు ఆ ముఖానికి కలిసి ఉంటే, సెంటర్ల మధ్య 39 అడుగుల 3 అంగుళాలు, 29 అడుగుల 3 అంగుళాలే. అప్పుడు ఐమూల 50 రాదు, 48 అడుగుల పదకొండున్నర అంగుళాల దాకా వస్తుంది. సెంటర్ గుంటల మీద 50 కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. ప్లాన్ కాగితం మీద గీత ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో చూడండి.

సొంతింటికల:
చూశాను. బయటి ముఖానికే. మేం కొట్టిన మేకులూ అక్కడే.

ఇనపటేపు:
టేపు గుడ్డదా, ఉక్కుదా? గుడ్డ టేపు గట్టిగా లాగితే సాగుతుంది, నాన్నగారు లాగినట్టు మీరు లాగరు. ఉక్కు టేపుకి ఎండ సమస్య. 30 మీటర్ల టేపు 20 డిగ్రీలు వేడెక్కితే 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొలతలన్నీ ఒకే టేపుతో, ఒకే మనిషి లాగాలి.

పాతమేస్త్రి:
వాలు ఐమూలను చెడగొట్టలేదు, సరే. ఇంటి పొడవును మాత్రం తినేస్తుంది. 40 అడుగులకి మూడడుగుల దిగుడుంటే, నేలమీద పరిచిన 40 అడ్డంగా 39 అడుగుల 10 అంగుళాల పైచిలుకే. అంగుళం పావు పైనే పోయింది. టేపు నేలకి తగలకుండా మట్టంగా పట్టుకుని, కొసన గుండు వేలాడదీసి, గుండు ముల్లు దిగినచోట మేకు కొట్టాలి. పదేసి అడుగులు, మెట్లు మెట్లుగా దిగండి. మట్టం తేల్చుకోవడానికి సన్నటి గొట్టంలో నీళ్లు నింపుకుంటే చాలు, బుడగ లేకుండా చూసుకోండి.

పురికొస:
మేస్త్రి గారి మాట పక్కా. తప్పులు రెండు, వేర్వేరు. ఇంకోటి: ఇంటిని తిన్నగా తిప్పితే వెనక మూల ఆ పక్క హద్దుకి దగ్గరవుతుందా, దూరమవుతుందా?

సొంతింటికల:
ఇప్పుడే తిప్పి చూశాం. దగ్గరవుతోంది. 5 అడుగులు ఉండాల్సింది 4 అడుగుల 5 అంగుళాలు వస్తోంది. అవతలి పక్క 8 అడుగులుంది.

పురికొస:
అయితే మొత్తం ఇంటిని 7 అంగుళాలు అవతలికి జరపండి. హద్దు నుంచి వదిలే దూరం అన్నిటికన్నా ఇరుకైన మూల దగ్గర చూడాలి, అదీ హద్దుకి లంబంగా. ఈ పక్క ముందు మూల దగ్గర ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. అవతల ఇరుకు ముందు మూలలో పడుతుంది, 7 అడుగుల 5 అంగుళాలు మిగులుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. బాల్కనీ, చూరు బయటికి వస్తే ఆ దూరం గోడ నుంచి కొలవాలా, చూరు నుంచి కొలవాలా అన్నది మీకు వర్తించే నిబంధనలో చూసుకోండి.

మేకులు కుదిరాక వెంటనే తవ్వొద్దు. మిషన్ మొదటి దెబ్బకే అవి లేచిపోతాయి. ప్రతి మూలకీ నాలుగడుగులు బయటగా గుంజలు నాటి, అడ్డకర్ర కొట్టి, దారం దాని మీదికి పొడిగించి మేకుతో గుర్తు పెట్టుకోండి. గుంట తవ్వాక దారాలు మళ్లీ కడితే మూల అదే చోట దొరుకుతుంది.

పాతమేస్త్రి:
హద్దు అంటున్నారు. ఏది చూసి? రాళ్లా, కంచా?

సొంతింటికల:
పక్కవాళ్ల ప్రహరీ గోడ ఉంది కదా, అదే.

పాతమేస్త్రి:
గోడ హద్దు కాదు. ఆ గోడ ఎవరి స్థలంలో ఎంత ఉందో మీకు తెలీదు. ఆ గోడే వంకరగా కట్టారేమో కూడా తెలీదు. సర్వేయర్ని పిలిచి రాళ్లు తేల్చుకోండి. అప్పటిదాకా తవ్వొద్దు.

నీడకర్ర:
ఫోన్లో మ్యాపు పెట్టి హద్దు చూసుకోవచ్చు అని మాత్రం ఎవరూ చెప్పకండి. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపిస్తుంది. రెండు గదులంత తేడా అది.

గీతలపని:
నిజమే. అన్నట్టు ఇక్కడ అందరూ ఐమూల అంటున్నారు, మా దగ్గర కర్ణం అంటాం. కాగితాల్లో కర్ణం అనే రాయండి, అందరికీ తెలుస్తుంది.

పురికొస:
స్థలంలో ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ల మాటే వాడండి. టేపు పట్టుకున్నవాళ్లకి అర్థం కాకపోతే అంగుళాలు పోతాయి.

సొంతింటికల:
వచ్చేసింది!! రెండు టేపులతో లాగితే ఒక ఐమూల 50, రెండోది 50 అడుగుల పావు అంగుళం. గుండు వేసి పొడవు కూడా మళ్లీ కొలిచాం, నిజంగానే అంగుళం పావు తక్కువుంది, సరిచేశాం. నాన్నగారు ఇప్పుడే కూర్చున్నారు. గుంజలు నాటుతున్నాం. అందరికీ థాంక్స్ అండీ.

పాతమేస్త్రి:
రాళ్ల సంగతి? మిషన్ రేపే వస్తోందా?

పాతమేస్త్రి:
ఉన్నారా?