‘మోంతెపుల్చానో’ ఊరి పేరా, ద్రాక్ష పేరా?

ఇటాలియన్ రెస్టారెంట్లలో ఇచ్చే వైన్ జాబితాలో ‘వీనో నోబిలె ది మోంతెపుల్చానో’, ‘మోంతెపుల్చానో దబ్రుత్సో’ అని రెండు పేర్లు కనిపిస్తాయనీ, రెండింటిలోనూ ఒకే మాట ఉండగా ధరలో అంత తేడా ఎందుకనీ ఒక సభ్యులు అడిగారు. ఇది రుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తున్నా నిజానికి వ్యాకరణ ప్రశ్న. అందుకే దీనికి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను.

మొదటి పేరులో మోంతెపుల్చానో తొస్కానా ప్రాంతంలోని ఒక కొండమీది ఊరు. అక్కడి వైన్‌లో కనీసం 70 శాతం సాంజొవేజె ద్రాక్ష ఉండాలని నియమం. రెండో పేరులో మోంతెపుల్చానో అనేది ఒక నల్లద్రాక్ష రకం. అబ్రుత్సో ఇటలీకి తూర్పు తీరాన ఉన్న ప్రాంతం కాగా, అక్కడి వైన్‌లో ఈ ద్రాక్షే కనీసం 85 శాతం ఉండాలి. అంటే పేరులో మాట ఒక్కటే అయినా ద్రాక్ష వేరు, నేల వేరు, సీసాలోకి వచ్చే వైన్ కూడా పూర్తిగా వేరు.

ఈ తేడాను పట్టి ఇచ్చేది ‘ది’ అనే చిన్న మాట. దానికి అర్థం మన షష్ఠీ విభక్తికి దగ్గరగా ఉంటుంది. అచ్చు ముందు వచ్చినప్పుడు అందులోని ఇకారం లోపిస్తుంది కాబట్టి ‘ది అబ్రుత్సో’ కాస్తా ‘దబ్రుత్సో’ అవుతుంది. ‘ఏమి అంటివి’ని ‘ఏమంటివి’గా పలికే మనకు ఇత్వ సంధి కొత్త కాదు కదా! ఇలాంటి పేర్లలో ‘ది’ తర్వాత వచ్చేది ఊరో ప్రాంతమో అయి ఉంటుంది, ముందు ఉండేది ద్రాక్ష పేరు గాని ఆ వైన్‌కు స్థిరపడిన పేరు గాని అయి ఉంటుంది. ‘బర్బేరా దాస్తి’ అంటే ఆస్తి ప్రాంతపు బర్బేరా ద్రాక్ష వైన్ అన్నమాట. తెలుగులో ఈ వరుస తిరగబడుతుంది. మనం ‘ఉలవపాడు బంగినపల్లి’ అన్నప్పుడు ఉలవపాడు పండిన చోటు, బంగినపల్లి మామిడి రకం; ఆ రెండో మాట కూడా మొదట ఒక ఊరి పేరే అయినా, ఆ పండు బనగానపల్లె నుంచి వచ్చిందని ఎవరూ అనుకోరు. మోంతెపుల్చానో దబ్రుత్సోను కూడా అలాగే చదువుకోవాలి.

‘ది’ లేకుండా ఊరి పేరు ఒక్కటే ఉన్న చోట చదివేవారికి కాస్త ముందే తెలిసి ఉండాలి. బరోలో, బర్బరేస్కో రెండూ పియెమోంతె ప్రాంతపు ఊళ్ళు. ఆ పేర్లతో వచ్చే వైన్లు రెండూ నెబ్బియోలో ద్రాక్షతోనే చేసేవి అయినా ఆ సంగతి పేరులో ఎక్కడా కనిపించదు.

‘కియాంతి క్లాస్సికో’ వంటి పేర్లలో వచ్చే ‘క్లాస్సికో’ అన్న మాటను ఇంగ్లీషు అలవాటుతో ‘సంప్రదాయమైనది’ అనో ‘మేలైనది’ అనో అర్థం చేసుకోవడం తరచుగా చూస్తున్నాను. అది భౌగోళికమైన మాట. 1716లో తొస్కానా పాలకుడు మూడవ కోసిమో దె మెదిచి ఒక శాసనంతో అక్కడి కియాంతి కొండల వైన్‌కు ఎల్లలు నిర్ణయించాడు. తరువాత కియాంతి పేరు చుట్టుపక్కల కొండలకు కూడా వ్యాపించడంతో, 1932లో పాత కియాంతి నేల చుట్టూ గీసిన ప్రాంతానికి ‘క్లాస్సికో’ అనే గుర్తు ఏర్పడింది. కాబట్టి కియాంతి, కియాంతి క్లాస్సికో అనేవి ఒకే సరుకుకు చెందిన రెండు తరగతులు కావు. నేడు వాటికి వేర్వేరు హద్దులు, వేర్వేరు నిబంధనలు ఉన్నాయి. ‘రిజెర్వా’ మాత్రం కాలానికి సంబంధించిన మాట. కియాంతి క్లాస్సికో రిజెర్వాకు కనీసం 24 నెలలు, బరోలో రిజెర్వాకు 62 నెలలు నిల్వ ఉంచాలి. అమెరికాలో సీసాల మీద రాసే ‘రిజర్వ్’కు చట్టంలో ఇలాంటి నిర్వచనం ఏదీ లేదు కనుక ఆ రెండింటినీ ఒకటిగా చూడకూడదు.

ఇక జాబితా మంచిచెడ్డల సంగతి. పేజీలు ఎక్కువున్నంత మాత్రాన జాబితా గొప్పదైపోదు. ఉత్పత్తిదారు, పూర్తి పేరు, ప్రాంతం, ద్రాక్ష కోసిన సంవత్సరం ఉన్నప్పుడే ధర న్యాయమో కాదో తేల్చుకునే వీలుంటుంది. ‘మోంతెపుల్చానో’ అని ఒక్క మాట రాసి ధర వేసిన జాబితాను నేను నమ్మను. ఏ సీసా వస్తుందో ఆ మాట చెప్పదు. నేను ముందుగా వెతికేది ‘బ్రునెల్లో ది మోంతల్చినో’ పక్కన ‘రోస్సో ది మోంతల్చినో’ ఉందా అని. రెండూ మోంతల్చినో ఊరి నేలలో పండిన సాంజొవేజె ద్రాక్ష నుంచే వస్తాయి. బ్రునెల్లో కోత తర్వాత అయిదో సంవత్సరం జనవరికి గాని అమ్మకానికి రాదు. రోస్సో మరుసటి ఏడాది సెప్టెంబరుకే రావచ్చు, ధర కూడా చాలా తక్కువ. ఒకే ఉత్పత్తిదారు చేసిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన చోట, తినడానికి వచ్చినవారి జేబును కూడా దృష్టిలో పెట్టుకుని ఆ జాబితాను కూర్చారని నాకు అనిపిస్తుంది.