సండే స్కూలు పిల్లలకు, సంఘంలోని స్త్రీలకు రక్షణ: చిన్న సంఘంలో ఏ నియమాలు పెట్టుకోవాలి?

ప్రశ్న: సండే స్కూలు టీచర్, గుంటూరు జిల్లా

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది ఏ డయాసిస్‌కూ (బిషప్ పాలన కింది సంఘాల సముదాయానికి) చెందని స్వతంత్ర సంఘం. సండే స్కూలుకు నలభై మంది పిల్లలు వస్తారు. వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూలు) పెట్టినప్పుడు చుట్టుపక్కల వీధుల నుంచి క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు కూడా వచ్చి ఆ సంఖ్య రెట్టింపవుతుంది. పాస్టర్‌గారు, ఆయన భార్య అమ్మగారు, నలుగురు పెద్దలు తప్ప మాకు వేరే కమిటీ అంటూ లేదు. పిల్లలతో పనిచేసేవారికి రాతపూర్వకమైన నియమాలు ఉండాలని ఇటీవల పెద్దల సమావేశంలో నేను అడిగాను. ‘మన సంఘంలో అలాంటివాళ్లు ఎవరున్నారమ్మా’ అని ఒకరు, ‘సేవకుణ్ణి అనుమానించడమంటే అభిషిక్తుణ్ణి ముట్టడమే’ అని మరొకరు అన్నారు. పాస్టర్‌గారు మాత్రం కాదనలేదు, రాసుకుని రమ్మన్నారు.

మా సంఘంలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఏదైనా జరిగాక కాకుండా ముందే సిద్ధపడాలన్నదే నా కోరిక. పిల్లల విషయంతో పాటు, ఆల్‌నైట్ ప్రార్థనలకూ కౌన్సెలింగుకూ ఒంటరిగా వచ్చే అక్కచెల్లెళ్ల విషయం కూడా ఆలోచించాలి. ఏమేమి రాయాలి? ఫిర్యాదు వస్తే ముందు ఎవరికి చెప్పాలి? ఆ వాక్యం ఎత్తినవారికి ఏమని జవాబివ్వాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: న్యాయవాది, విజయవాడ

సహోదరి గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే సంఘాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది అక్కడే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు చెప్పితీరాలని లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ఈ బాధ్యత ప్రతి వ్యక్తిదీ. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. సంస్థకు బాధ్యుడిగా ఉన్నవాడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని తెలిసీ దాచితే శిక్ష ఏడాది దాకా ఉంటుంది. కాబట్టి పెద్దలు కూర్చుని విచారించి, నిజమని తేలాకే పోలీసుల దగ్గరికి వెళదామన్న పద్ధతి చట్టం ఒప్పుకోదు. విచారణ పోలీసుల పని. మన పని సమాచారం ఇవ్వడం, బిడ్డకు తోడుగా నిలబడడం. సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదని అదే సెక్షన్ హామీ ఇస్తోంది.

పెద్దలు మరొకటి గమనించాలి. మత సంస్థ నిర్వాహకుడు గానీ సిబ్బందిలో ఒకడు గానీ ఆ సంస్థలోని బిడ్డపై అత్యాచారం చేస్తే చట్టం దాన్ని మామూలు నేరం కన్నా తీవ్రమైనదిగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు.

స్టేషన్ మెట్లెక్కాలంటే తల్లిదండ్రులు జంకడం సహజం. అయితే బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లో గానీ, బిడ్డ కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. బిడ్డను రాత్రివేళ స్టేషన్లో ఉంచకూడదు. ఈ నాలుగు మాటలూ మీ నియమావళిలో రాసిపెట్టండి, భయం చాలావరకు తగ్గుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

పెద్దవారి విషయానికొస్తే, పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారిని కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. పదిమంది లోపు పనిచేసే చోట కమిటీ లేకపోయినా, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా మూడు నెలల లోపు ఇవ్వాలి. ప్రార్థనకు వచ్చిన విశ్వాసురాలిపై జరిగినది నేరమైతే నేరుగా పోలీసులే, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181. ఆమె మేజరు కాబట్టి ఆ నిర్ణయం ఆమెదే. వెళ్లమని ఒత్తిడి చేయకూడదు, వెళ్లవద్దని అసలే అనకూడదు.

సమాధానం: సంఘ పెద్ద, విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

చట్టం గురించి చెల్లెమ్మ చక్కగా చెప్పారు. వాక్యం గురించి నేను చెబుతాను. నూట అయిదవ కీర్తనలోని ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న ఆ మాటకు ముందు వచనాలు కూడా చదివి వినిపించండి. అక్కడ దేవుడు కాపాడుతున్నది లెక్కకు కొద్దిమందిగా, పరదేశులుగా, ఊరూరా తిరుగుతున్న అబ్రాహాము కుటుంబాన్ని, గద్దిస్తున్నది రాజులను. బలవంతుల చేతి నుంచి బలహీనులను కాపాడిన వాక్యాన్ని, ఫిర్యాదు చేసిన ఆడబిడ్డ నోరు మూయించడానికి వాడడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దన్న పౌలు మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ తరువాతి వచనంలోనే, పాపం చేసిన పెద్దలను అందరి ఎదుట గద్దించమని ఉంది. ఇలాంటి నేరం సాక్షులను పెట్టుకుని ఎవరూ చేయరు కదా.

ఇక నియమాలు. పేజీలకు పేజీలు రాయకండి, ఎవరూ చదవరు. పిల్లలున్న ఏ గదిలోనైనా బంధువులు కాని ఇద్దరు పెద్దవారు ఉండాలి, తలుపు తీసి ఉండాలి. వేదిక వెనక సౌండ్ సామాను పెట్టే గది చాలా సంఘాల్లో తాళం లేకుండా పడి ఉంటుంది. పాటల ప్రాక్టీసు పేరుతో పిల్లలు అక్కడికి వెళుతుంటారు, దానికి ముందు తాళం వేయండి. చిన్నపిల్లలను బాత్రూముకు తీసుకెళ్లేది ఎవరో ముందే నిర్ణయించండి. ప్రార్థన అయ్యాక ఒంటరి ఆడపిల్లను బండి మీద దింపి వస్తానని ఎవరైనా అంటే, ఆ మనిషి ఎంత మంచివాడైనా వద్దనే నియమం ఉండాలి. పిల్లలకు విడిగా వాట్సాప్ సందేశాలు పెట్టకూడదు. ఏం చెప్పాలన్నా తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పాలి. స్త్రీలకు కౌన్సెలింగ్ చేసేటప్పుడు అమ్మగారో స్త్రీల సమాజం నుంచి మరొకరో మాట వినపడనంత దూరంలో, మనిషి కనపడేంత దగ్గరలో కూర్చోవాలి. స్వస్థత ప్రార్థనలో చేతులుంచే ముందు ఆమె అనుమతి అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ఈ నియమాలకు పాస్టర్‌గారే మొదట సంతకం పెట్టాలి. సండే స్కూలు టీచర్లకు మాత్రమే వర్తించి కాపరికి వర్తించని నియమం ఎవరినీ కాపాడదు.

ప్రశ్న: సంఘ పెద్ద, తూర్పు గోదావరి జిల్లా

అంతా బాగానే ఉంది. కానీ ఆస్తి తగాదాలతోనో సంఘం చీలికల వల్లనో సేవకుల మీద అబద్ధపు ఫిర్యాదులు పెట్టేవారు లేరా? ఒకసారి పేరు పోతే మళ్లీ తిరిగి వస్తుందా?

సమాధానం: న్యాయవాది, విజయవాడ

అయ్యా, మీ ఆందోళన అర్థమైంది. కేవలం పరువు తీయడానికో డబ్బు గుంజడానికో తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవారికి పోక్సోలోని 22వ సెక్షన్ కిందే శిక్ష ఉంది. అయితే బిడ్డను మాత్రం శిక్షించకూడదు. వరంగల్ పెద్దాయన చెప్పిన తెరిచిన తలుపు, రెండో మనిషి సేవకుణ్ణి కూడా కాపాడతాయి. విచారణ సాగినంత కాలం ఆయనను పరిచర్యకు దూరంగా ఉంచడం తీర్పు కాదని సంఘానికి ముందే చెప్పి ఉంచండి.

అబద్ధపు ఫిర్యాదుల కన్నా, నిజమైనవి మధ్యలో చచ్చిపోవడం గురించే నాకు దిగులు. కేరళలోని కొట్టియూరులో ఒక కథోలిక ఫాదర్ మైనరు బాలికపై అత్యాచారం చేసిన కేసులో, ఆ బాలిక తండ్రే మొదట ఆ నేరాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. కోర్టు విచారణలో బాలిక, తల్లిదండ్రులు కూడా మాట మార్చి ప్రాసిక్యూషన్‌కు ఎదురు తిరిగారు. అయినా డీఎన్‌ఏ ఆధారంతో 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి కోర్టు ఆ ఫాదర్‌కు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత ఆ యువతి ఆయననే పెళ్లాడతానని సుప్రీంకోర్టును అడిగితే 2021లో కోర్టు ఒప్పుకోలేదు. గౌరవం, భయం, ఊరి మాట కలిసి ఒక కుటుంబాన్ని ఎంత దూరం నెట్టగలవో ఆలోచించండి.

సమాధానం: తెలుగు సహవాస సభ్యురాలు, మెల్‌బోర్న్

ఇక్కడ మా తెలుగు సహవాసంలో పిల్లలకు పాటలు నేర్పాలన్నా ప్రభుత్వం పోలీసు రికార్డులు చూసి ఇచ్చే కార్డు ఉండాలి. స్వచ్ఛంద సేవకులకు అది ఉచితం, అయిదేళ్లు చెల్లుతుంది. మొదట్లో మా పెద్దవారిలో కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఎవరూ దాన్ని అవమానంగా భావించడం లేదు. చర్చీలు, స్కూళ్లు, అనాథాశ్రమాల్లో జరిగిన దురాగతాలపై 2013 నుంచి 2017 దాకా ఇక్కడ రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన ఉన్నత విచారణ సంఘం) విచారించింది. ఎనిమిది వేలమందికి పైగా బాధితులు తమ కథ ఏకాంతంగా చెప్పుకున్నారు. జరిగినది బయటికి చెప్పడానికి వారికి సగటున ఇరవై నాలుగేళ్లు పట్టిందని నివేదిక తేల్చింది. కాబట్టి ‘మా దగ్గర ఫిర్యాదు లేదు’ అన్నదాన్ని భద్రతకు రుజువుగా తీసుకోకండి, సహోదరీ. పిల్లలకే నేర్పండి: ఎవరు ఎలా తాకితే వద్దనాలో, ‘ఇది మనిద్దరి మధ్యే’ అని పెద్దవాళ్లెవరైనా అంటే వెంటనే ఎవరికి చెప్పాలో. వీబీఎస్‌లో ఒక పూట దానికి ఇవ్వండి.

సమాధానం: కథోలిక విశ్వాసి, నల్గొండ

ఒక్క మాట కలుపుతాను. 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఫిర్యాదు చేసినవారిపై మౌనంగా ఉండాలన్న షరతు పెట్టకూడదు. మీ నియమాల్లో అది తప్పక రాయండి. బదిలీ చేసి చేతులు దులుపుకోవడం వల్ల మా సభ ఎన్నో దేశాల్లో పిల్లలకు చేసిన అన్యాయం మీకు తెలిసిందే. స్వతంత్ర సంఘాల్లో బదిలీ ఉండదు గానీ, ఒక ఊళ్లో మానేసినవాడు మరో ఊళ్లో కీబోర్డు వాయిస్తూ తేలతాడు. కొత్తగా వచ్చిన ప్రతివారి గురించీ పాత సంఘానికి ఫోన్ చేసి, ‘పిల్లలతో ఈయనను ఒంటరిగా వదలగలరా’ అని సూటిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు: సండే స్కూలు టీచర్, గుంటూరు జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. చిత్తుప్రతి రాయడం మొదలుపెట్టాను. పాస్టర్‌గారి సంతకానికి మొదటి గీత ఉంచాను. ఒక్క సందేహం మిగిలింది. ఫిర్యాదు పాస్టర్‌గారి మీదే వస్తే, పెద్దలంతా ఆయన నియమించినవారే కదా, ఎవరికి చెప్పాలి?

సమాధానం: న్యాయవాది, విజయవాడ

అందుకే సంఘం బయటి మనిషి పేరు, ఫోన్ నంబరు నియమావళిలోనే ఉండాలి: మీ సంఘంతో చుట్టరికం లేని ఒక మహిళా డాక్టరో, హెడ్మాస్టరమ్మో, లాయరో. ఆవిడ విచారణ చేయరు. విని, తేదీ వేసి రాసుకుని, బిడ్డ విషయమైతే ఆ రోజే పోలీసులకు సమాచారం ఇస్తారు. ఆ నంబరు, 1098, 181 తెలుగులో పెద్ద అక్షరాలతో సండే స్కూలు గది గోడ మీద, స్త్రీలు చెప్పులు విడిచే చోట అతికించండి. చిత్తుప్రతి పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, చట్టం భాగం నేను సరిచూస్తాను.