అప్‌డేట్: పక్షవాతం వచ్చిన తాతయ్య దగ్గరికి పాప వెళ్లడం లేదని అడిగాను కదా

రెండు నెలల క్రితం అడిగాను, నాన్నగారు పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి మా నాలుగేళ్ల పాప ఆయన గదిలోకే వెళ్లడం లేదని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒకరు చెప్పిన మాట: అసలు దానికేం అర్థమైందో ముందు దాన్నే అడగమన్నారు. అన్నం తినిపిస్తూ అడిగితే "తాతయ్యను ముట్టుకుంటే నా మూతి కూడా వంకరవుతుందా?" అంది. ఇన్నాళ్లూ అది భయపడింది తాతయ్యకి కాదు, అంటుకుంటుందని! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలలోకి రక్తం సరిగ్గా వెళ్లక చేయి, నోరు ఆయన మాట వినడం లేదని, ఇది జలుబులా అంటుకునేది కాదని చెప్పాను. నాన్నగారికి మాట రాకపోయినా మనం చెప్పేది అర్థమవుతోందని, తలూపి జవాబు చెప్పగలిగే ప్రశ్నలు అడగమని స్పీచ్ థెరపిస్ట్ పాపకే నేర్పించారు.

ఇప్పుడు సాయంత్రాలు అష్టాచెమ్మా ఆడుతున్నారు. ఆయన ఎడమ చేత్తో గవ్వలు వేస్తే కాయలు ఇది జరుపుతుంది, ఆయన "అ... అ..." అంటే "అష్టా పడిందంటున్నారు" అని మాకు చెబుతుంది.

చాక్లెట్ల ఆశ పనిచేయలేదు. బలవంతంగా పక్కన కూర్చోబెడితే ఇంకా బెదిరిపోయింది, దయచేసి అది మాత్రం చేయకండి. పిల్లల డాక్టరుకూ చూపించాం, పాపకు ఏ సమస్యా లేదన్నారు.