నెయిల్ టెక్నీషియన్ కోర్సు: అమీర్‌పేటలో 65 వేలా, ఊళ్ళోనే 12 వేలా?

ఓరుగల్లు_పిల్ల:
అందరికి నమస్తే. నాది హనుమకొండ. బీకాం అయి రెండేండ్లు. బట్టల షాపుల బిల్లింగ్ చేస్తున్న, జీతం 11 వేలు. మెహెందీ బాగనే పెడుత, మా కాలనీల పెండ్లి ఉంటే నన్నే పిలుస్తరు. చెయ్యి వణకదు కాబట్టి గోళ్ళ పని నేర్చుకుందామని మనసుల పడ్డది.

రెండు చోట్ల అడిగిన. ఒకటి అమీర్‌పేటల అకాడమీ. ఆరు వారాలు, 65 వేలు. పైన జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 11,700. ఆ ముచ్చట ఆఖరికి చెప్పిండ్రు. హాస్టల్ వేరే. ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, కిట్ ఫ్రీ, నూటికి నూరు ప్లేస్‌మెంట్ అన్నరు. రెండోది ఇక్కడనే నక్కలగుట్టల సెలూన్ నడిపే ఒక అక్క. ఐదు రోజులు, 12 వేలు. పని నచ్చితే తన దగ్గరనే హెల్పర్‌గ ఉండుమన్నది.

అమ్మ చీటీ ఎత్తి 80 వేలు ఇస్తనంటున్నది. అవి తమ్ముని ఫీజుకు దాసిన పైసలు. పోగొడితే ఇంట్ల మొఖం చూపెట్టలేను. ఏది మేలు?

కేపీహెచ్‌బీ_సెలూన్:
తొమ్మిదేళ్ళుగా సెలూన్ నడుపుతున్నానమ్మా, నా దగ్గర నలుగురు నెయిల్ పిల్లలున్నారు. ఒక్కరి సర్టిఫికెట్ కూడా నేను చదవలేదు. పనికి వచ్చినవాళ్ళ ముందు నా చెయ్యి బల్ల మీద పెడతాను. పాత జెల్ (ల్యాంపు కింద పెడితే గట్టిపడే పూత) తీసి, రెండు వేళ్ళకి ఎక్స్‌టెన్షన్, అంటే గోరు పొడుగు చేసే అతుకు, వెయ్యమంటాను. గోరు అరగదీసే డ్రిల్ మెషీన్ పట్టుకునే తీరులోనే తెలిసిపోతుంది.

ప్లేస్‌మెంట్ సంగతి కూడా విను. నెలకు రెండుమూడు అకాడమీల నుంచి "మేడం, మా స్టూడెంట్‌ని పంపమంటారా" అని ఫోన్లు వస్తాయి. సరే పంపండి అంటాను. అదే వాళ్ళ ప్లేస్‌మెంట్. వచ్చిన అమ్మాయికి నేనిచ్చేది 12 వేలు, పైన ఇన్సెంటివ్. నీ బిల్లింగ్ జీతం కంటే వెయ్యి ఎక్కువ, అంతే. దీనికోసం 77 వేలు ఎందుకు? ఊళ్ళో అక్క దగ్గరే చేరిపో.

బెజవాడ_గోళ్ళు:
మేడమ్‌గారి మాట కాదనాలని కాదు గానీ, నేను ఆ ఐదు రోజుల బాపతే. 2019లో నేర్చుకున్నాను. మొదటిరోజు బేస్, రంగు, టాప్ కోట్. రెండోరోజు టిప్స్ అంటించడం. మూడోరోజు యాక్రిలిక్, అంటే పొడీ లిక్విడూ కలిపి గోరు కట్టడం. నాలుగోరోజు పువ్వులూ రాళ్ళూ. ఐదోరోజు కేకు కోసి ఫొటోలు. వేసింది తియ్యడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

నెల తర్వాత మా వీధి అమ్మాయికి పెళ్ళి కోసం వేశాను. మూడు వారాలకి తీయించుకోవడానికి వచ్చింది. పూత కరిగించే అసిటోన్‌లో నానబెట్టి ఓపికపట్టాల్సింది పోయి మెషీన్‌తో గీకేశాను. బొటనవేలి గోరు మధ్యలో ఎర్రగా గాడి పడింది. వేడి తగలగానే అమ్మాయి చెయ్యి లాక్కుంది. చేతిగోరు పెరిగేది నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు, పూర్తిగా కొత్తది రావాలంటే ఆర్నెల్లు. ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా కళ్ళు ఆ వేలి మీదికే పోయేవి. డబ్బులు వెనక్కిచ్చినా ఆ సిగ్గు పోలేదు.

తర్వాత బెంగళూరు వెళ్ళి నాలుగు వారాల కోర్సు చేశాను. మూడు రోజులు ఒక్క నెయిల్ పాలిష్ కూడా తెరవనివ్వలేదు. గోరు ఎలా పుడుతుంది, ఏ చర్మం కత్తిరించవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు, ఎలాంటి గోరు కనిపిస్తే పని చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పంపాలి, అదే పాఠం. చెల్లెమ్మా, ఆ మూడు రోజులకే నేను డబ్బు కట్టాననుకుంటాను.

లెక్కల_మాస్టారు:
గోళ్ళకి రంగు వెయ్యడానికి 77 వేలా! మా ఆవిడ ఆషాఢంలో గోరింటాకు రుబ్బి పెట్టుకుంటుంది, పైసా ఖర్చు లేదు. యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా?

బెజవాడ_గోళ్ళు:
మాస్టారూ, యూట్యూబులో లెక్కలూ ఉన్నాయి. మీ ట్యూషన్ ఎందుకు నడుస్తోందండీ?

అకాడమీలో_చదివా:
నేను హైదరాబాద్‌లో పెద్ద అకాడమీలోనే చేశాను, పేరు చెప్పను. 70 వేలు కట్టాను. బ్యాచ్‌లో 22 మందిమి, బల్లలు ఎనిమిది, ల్యాంపులు ఐదు. పదకొండు రోజులు ప్లాస్టిక్ చెయ్యి మీదే పని. ప్లాస్టిక్ వేలు వణకదు, చెమట పట్టదు, ఫోన్ మోగిందని చెయ్యి తీసేసుకోదు. కోర్సు మొత్తంలో నాకు దొరికిన మనుషుల చేతులు నాలుగు. అందులో రెండు నా రూమ్మేట్‌వి.

ఫ్రీ కిట్ ల్యాంపు మూడో నెలకి పోయింది. ఉద్యోగానికి వెళ్తే ఒక సెట్‌కి, అంటే పది గోళ్ళకి, మూడున్నర గంటలు పట్టింది. రెండు గంటల్లో పని ముగించకపోతే కస్టమర్ కూర్చోదన్నారు. కాబట్టి రోజులు, ఫీజు పక్కన పెట్టి, ఎన్ని నిజమైన చేతులు ఇస్తారో అడుగు. "చాలా ఇస్తాం" అంటే ఇవ్వరని అర్థం.

ఓరుగల్లు_పిల్ల:
అమ్మో, గీ లెక్క నేను అడగనే లేదు. సర్టిఫికెట్ సంగతి చెప్పుండ్రి. "ఇంటర్నేషనల్" అంటే పని ఎక్కువ దొరుకుతదా?

డల్లాస్_కోడలు:
ఆ పదం విని మోసపోకు. నేను హైదరాబాద్‌లో "ఇంటర్నేషనల్ డిప్లొమా" చేసి ఇక్కడికొచ్చాను. టెక్సాస్‌లో గోళ్ళ పనికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. దానికి 600 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష. కాలిఫోర్నియాలో 400 గంటలు, న్యూయార్క్‌లో 250. అక్కడి రంగు కాగితం చూపిస్తే ఇక్కడి స్కూలావిడ నవ్వి మళ్ళీ మొదటి నుంచి కూర్చోబెట్టింది. హెచ్4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగం ఆధారంగా, వచ్చేవాళ్ళకి పని అనుమతి సంగతి దానికి ముందున్న గండం.

మన దగ్గర అలాంటి లైసెన్సే లేదు కాబట్టి ఎవరైనా సొంతంగా ప్రింటు కొట్టి ఇంటర్నేషనల్ అనేయొచ్చు. కాగితం కావాలనుకుంటే స్కిల్ ఇండియా కింద బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉంది. అందులో నెయిల్ టెక్నీషియన్ అని విడిగా ఉద్యోగ ప్రమాణమే ఉంది. పరీక్ష పెట్టేది ఆ అకాడమీ వాళ్ళేనా, బయటి అసెసర్ వస్తారా అని అడుగు.

కేపీహెచ్‌బీ_సెలూన్:
ఆ కాగితం కూడా నేను చదవను :) కాకపోతే రేపు సొంత కొట్టు పెట్టుకోవడానికి బ్యాంకులో ముద్ర లోన్ అడిగితే ఫైల్లో ఒక సర్టిఫికెట్ ఉండటం మంచిదే. అందులో శిశు అనే చిన్న రకం కింద 50 వేల దాకా ఇస్తారు, ల్యాంపూ డ్రిల్లూ జెల్స్‌కి సరిపోతుంది.

సిద్దిపేట_అక్క:
రూపాయి పెట్టకుండా మొదలుపెట్టే దారి ఎవరూ చెప్తలేరు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటి సెంటర్లల్ల బ్యూటీ పార్లర్ కోర్సు ఉచితం, తిండి, ఉండుడు కూడా వాళ్ళదే. పల్లె వాళ్ళకోసం పెట్టినయి, నీ అడ్రసుకు వస్తదో లేదో కనుక్కో. నేను అట్లనే చేసిన. ఐబ్రోస్, ఫేషియల్, పెండ్లికూతురు మేకప్ మంచిగ వచ్చినయి. మా బ్యాచ్‌ల గోళ్ళంటే మానిక్యూర్ దాకనే, జెల్ ముట్టలేదు. అయినా చిన్న ఊర్ల ఒక్క గోళ్ళ మీద బతుకు ఎల్లదు బిడ్డా. ఆషాఢం, మూఢం వచ్చినయంటే పెండ్లిళ్ళుండయి. అప్పుడు నన్ను సాకింది ఐబ్రోసే.

చర్మం_పీజీ:
డెర్మటాలజీ పీజీ చేస్తున్నాను. ఇక్కడ అందరూ కస్టమర్ గోళ్ళ గురించే మాట్లాడుతున్నారు, నేర్చుకునే అమ్మాయి వేళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. జెల్‌లో ఉండే హెచ్ఈఎంఏ లాంటి అక్రిలేట్లు గట్టిపడక ముందు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. వేళ్ళ చివర్లు పగులుతాయి, దురద, కొందరికి కనురెప్పలు వాస్తాయి. ఒకసారి వచ్చిన అలర్జీ సాధారణంగా జన్మంతా ఉంటుంది. పళ్ళకి పెట్టే ఫిల్లింగుల్లోనూ, ఎముకల సిమెంటులోనూ ఇదే జాతి రసాయనాలున్నాయి, కాబట్టి అది గోళ్ళ పని మానేస్తే తీరే సమస్య కాదు.

ఎక్కువగా వచ్చేది చిన్న అలవాట్ల వల్లే. జెల్ గోరు చుట్టూ చర్మానికి అంటనివ్వడం, మందంగా ఒకే పూత వెయ్యడం, ఒక కంపెనీ జెల్‌ని ఇంకో కంపెనీ ల్యాంపు కింద పెట్టడం. పైకి గట్టిపడినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అరగదీసి పొడి రాలుస్తుంటే ఆ పచ్చిదే చేతి మీద పడుతుంది. యూరప్‌లో హెచ్ఈఎంఏ ఉన్న నెయిల్ సరుకు వృత్తి వాళ్ళే వాడాలని నిబంధన ఉంది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ పూర్తిగా నిషేధించారు. నేర్పే మనిషిని ఈ రెండు పేర్లూ అడిగి చూడండి. మొహం తెల్లబోతే ఆ క్లాసు 12 వేలకైనా దండగే.

బెజవాడ_గోళ్ళు:
డాక్టరుగారికి దణ్ణం. దీనికి ఇంకోటి కలుపుతాను. యాక్రిలిక్ లిక్విడ్ మరీ చవగ్గా, లేబుల్ లేని డబ్బాలో వస్తే అది ఎంఎంఏ అనే రసాయనం కావచ్చు. పూర్తి ఎంఎంఏతో చేసిన నెయిల్ సరుకు మీద అమెరికా ఎఫ్‌డీఏ 1970లలోనే కోర్టుకెక్కి అమ్మకాలు ఆపించింది. రాయిలా గట్టిపడుతుంది, అసిటోన్‌కి ఓ పట్టాన కరగదు, ఎక్కడైనా కొట్టుకుంటే అసలు గోరుని కూడా లేపేస్తుంది. వాడాల్సింది ఈఎంఏ అనే ఇంకో రసాయనం. మా మొదటి క్లాసులో లేబుల్ చదవమన్న పాపాన ఎవరూ పోలేదు.

మాట వచ్చింది కాబట్టి, నీకు మెహెందీ వచ్చు కదా. మెహెందీలో నీలగిరి నూనె కలుపుతాం, అది గోరు మీద కాస్త మిగిలినా జెల్ లేచిపోతుంది. పెళ్ళికూతురికి రెండూ చేసేటప్పుడు గోరు బాగా తుడిచి, జిడ్డూ తడీ లాగేసే డీహైడ్రేటర్ వేసుకుని మొదలుపెట్టు.

కేపీహెచ్‌బీ_సెలూన్:
సరే, నా మాట కొంచెం సవరించుకుంటాను. అందరు అక్కలూ ఒకటి కాదు. ఆ అక్క సెలూన్‌లో ఒక పూట కూర్చో. వాడిన సామాను యూవీ డబ్బాలో పడేసి "స్టెరిలైజ్ చేశాం" అంటున్నారేమో చూడు. ఆ డబ్బా శుభ్రమైనవి దాచుకోవడానికే, మురికివి శుభ్రం చెయ్యదు. మెటల్ సామాను కడిగి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెడుతున్నారా? గోరు రుద్దే ఫైల్ ఒక్కో మనిషికి కొత్తది తీస్తున్నారా? అమీర్‌పేటలో కూడా ఇదే చూడు. బ్యాచ్ జరుగుతున్న గదిలోకి రానివ్వకపోతే వెనక్కి తిరుగు.

లెక్కల_మాస్టారు:
నేను నవ్వులాటకి అన్నాను గానీ ఇంత కథ ఉందనుకోలేదు. లెక్క ఒకటి నేనూ చెప్తానమ్మా. 12 వేల జీతంలో నెలకి 3 వేలు మిగిలితే 77 వేలు తిరిగి రావడానికి రెండేళ్ళు దాటుతుంది, అదీ హాస్టల్ ఖర్చు కలపకుండా. 12 వేల ఫీజైతే నాలుగు నెలలు. గోరు సంగతి నాకు తెలియదు, చీటీ సంగతి మాత్రం తెలుసు.

ఓరుగల్లు_పిల్ల:
వారం అయింది, ఏమైందో చెప్త. ఆదివారం అమీర్‌పేట పోయిన. కౌన్సెలర్ ఏసీ గదిల కూసోబెట్టి చాయ్ ఇచ్చింది. బ్యాచ్ చూస్తనంటే "స్టూడెంట్స్ డిస్టర్బ్ అవుతారు" అన్నది. నేర్చుకునుటానికి చెయ్యి ఇచ్చే మోడల్స్ ఎంతమందిని ఇస్తరు అంటే "చాలామంది". అకాడమీల చదివిన అక్క మాట యాదికొచ్చి నవ్వు ఆగలేదు. టీపీఓ అంటే ఏందో తెల్వదన్నది. "ఈ రోజే కడితే 10 వేలు తగ్గిస్త" అని మాత్రం నాలుగుసార్లు చెప్పింది.

మంగళవారం నక్కలగుట్ట అక్క దగ్గర నేనే కస్టమర్‌గ కూసున్న. జెల్ వేయించుకుని, మళ్ళ అక్కడనే తీయించుకున్న. పైపూత ఫైల్‌తో గీరి, అసిటోన్ దూది పెట్టి ఫాయిల్ చుట్టి పావుగంట ఆగింది. గోరు మీద గీత పడలేదు. ఆటోక్లేవ్ లేదు, యూవీ డబ్బానే ఉన్నది. అడిగితే కొంచెం చిన్నబుచ్చుకున్నది, తర్వాత "కొనాలె, నిజమే" అన్నది. ఐదు రోజులు సాలవు, 12 వేలకే ఇరవై మంది చేతుల మీద చేసేదాక నేర్పాలె అన్న. ఒప్పుకున్నది, కానీ మోడల్స్‌ను నేనే తెచ్చుకోవాలట. గోళ్ళ రోగాల పాఠం ఆమెకు రాదని మొఖం మీదనే చెప్పింది. అది బెజవాడ అక్క చెప్పిన అసొంటి కోర్సుల తర్వాత నేర్చుకుంట, మిగిలిన చీటీ పైసలు ముట్టకుండ.

వచ్చే సోమవారం మొదలు. ఇరవైల ఇప్పటికి ఏడుగురు దొరికిండ్రు, అందుల మా మేనత్త ఒకతి. "ఎంత పొడుగైనా పెట్టు గని పప్పన్నం కలుపుకోనియ్యాలె" అన్నది. హనుమకొండ, కాజీపేట దిక్కు ఎవరన్న ఉంటే రాండ్రి, పైసలు తీసుకోను. మూడు గంటలు కూసునే ఓపిక ఉండాలె.

బెజవాడ_గోళ్ళు:
మేనత్తకి పొట్టిగా, బాదంకాయ ఆకారంలో పెట్టు. మూడు వారాలకి మళ్ళీ పిలిచి, తియ్యడం కూడా ఆవిడ చేతి మీదే నేర్చుకో.