పెళ్లి షాపింగ్‌లో ఎక్కడ బేరమాడాలి, ఎక్కడ ఆడకూడదు?

కరీంనగర్_కుర్రాడు:
వైశాఖంలో మా అక్క పెళ్లి. బంగారం, చీరలు, గాజులు హైదరాబాద్‌లో కొందామనుకుంటున్నాం, వంటలవాళ్లతో మాట్లాడే పని కూడా నాకే అప్పజెప్పారు. ఇబ్బంది ఏంటంటే, మా అమ్మ కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడుతుంది, నాన్న మాత్రం నగల షాపులో నోరు విప్పకుండా వాళ్లు చెప్పింది కట్టేసి వస్తారు. ఎక్కడ అడిగితే మర్యాద, ఎక్కడ అడిగితే ఎదుటివాళ్ల పొట్ట కొట్టినట్టు? అనుభవం ఉన్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

పద్దులరావు:
గట్టిగా మాట్లాడాల్సింది నాన్నగారు మౌనంగా ఉండే చోటే తమ్ముడూ. నగల షాపులో లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. గ్రాము రేటు మీద బేరం ఉండదు, ఆ రోజు బోర్డు మీద ఎంతుంటే అంతే. బేరమంతా తరుగు (నగ చేసేటప్పుడు వృథా అయ్యే బంగారం పేరుతో కలిపేది), మజూరీ (చేసినందుకు కూలి) మీదే. ఉదాహరణకి 20 గ్రాముల గొలుసుకి 14 శాతం తరుగు వేశారంటే 2.8 గ్రాముల బంగారం ఖరీదు అదనంగా కడుతున్నట్టు. దాన్ని 10 శాతానికి దింపితే 0.8 గ్రాము మిగులుతుంది, అమ్మగారు ఏడాదంతా కూరగాయల దగ్గర మిగిల్చేదానికంటే ఇదే ఎక్కువ. నెక్లెస్‌లో రాళ్లుంటే వాటి బరువు తీసేసి మిగతాదాని మీదే తరుగు లెక్కేయమనండి. బిల్లు వద్దంటే 3 శాతం జీఎస్టీ తగ్గుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, రేపు నగ మార్చాలన్నా చేతిలో కాగితం ఉండదు. నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబర్ (ఆ నగకి వేసిన హాల్‌మార్క్ గుర్తింపు నంబర్) ఉంటుంది, అసలుదో కాదో ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి.

పాతబస్తీ_పద్మ:
చార్మినార్ దగ్గర గాజుల బజారు, లాడ్ బజార్‌లో మీరు తగ్గించి అడుగుతారనే రేటు పెంచి చెప్తారు, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అలాగని ఏదైనా సగానికే అడగాలి అన్న సలహా పట్టుకుని వెళ్లకండి. ముందు ఒకే రకం సెట్టు మూడు నాలుగు షాపుల్లో అడిగి చూస్తే అసలు ధర ఎక్కడ తిరుగుతోందో తెలిసిపోతుంది. మెటల్ గాజుల దగ్గర గట్టిగా ఆడండి. లక్క గాజులైతే కుంపటి సెగ మీద లక్కని మెత్తబరిచి, ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు, లోపల కూర్చుని చేసేవాళ్లు కనిపిస్తారు కూడా, అక్కడ కొంచెం చూసి అడగండి. ఇంకోటి, మీరు చెప్పిన రేటుకి ఆయన "సరే, తీసుకోండి" అన్నాడంటే కొనాల్సిందే. అదీ పొద్దున్నే బోణీ వేళ ఒప్పించి వద్దని లేచి వచ్చేయడం చాలా తప్పు.

మగ్గం_ఇల్లు:
మాది పోచంపల్లి దగ్గర. షోరూంలో డిస్కౌంట్ ఎంతైనా అడగండి, మాకు బాధ లేదు. మగ్గం దగ్గరికి వచ్చి "ఇంత చిన్న డిజైన్‌కి ఇంతా?" అంటేనే మనసు చివుక్కుమంటుంది. పట్టు దారానికి డిజైన్ ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పి, ఇంకో రంగు కోసం మళ్లీ కట్టాలి, నేత ఆ తర్వాత మొదలవుతుంది, దీన్నే ఇకత్ అంటారు, ఇంట్లో ఒక్కరి పనితో అయ్యేది కాదు. బడ్జెట్ తక్కువైతే ఆ మాటే చెప్పండి, డబుల్ ఇకత్ (నిలువు, అడ్డం దారాలు రెండింటికీ ఇలా రంగేసేది) బదులు సింగిల్ ఇకత్ (ఒకవైపు దారాలకే రంగేసేది) చూపిస్తాం, అది అడగడంలో తప్పేం లేదు. ప్రింట్ చీరని ఇకత్ అని అమ్మే చోట మాత్రం ఎంత తగ్గించినా కొనొద్దు. చీర తిప్పి చూడండి, నేసినదైతే డిజైన్ రెండువైపులా ఒకేలా ఉంటుంది.

వనజ_అత్త:
బాబూ, అమ్మని మరీ తప్పుపట్టకు. మా వీధిలో ఆకుకూరలు తెచ్చే ఆమెతో నా బేరం సగం కబుర్లే, ఆమె రేటు పెద్దగా తగ్గించదు, కాస్త కరివేపాకు కొసరు వేస్తుంది, ఇద్దరికీ తృప్తి. రైతు బజార్‌లో అయితే ధర బోర్డు మీదే రాసి ఉంటుంది, అక్కడ అడగక్కర్లేదు. పెళ్లి సరుకులు బేగం బజార్‌లో టోకున తీసుకుంటే తప్పకుండా తగ్గించి అడగండి, ఎంఆర్‌పీ కంటే తక్కువకి అమ్మడానికి ఏ అడ్డూ లేదు. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగితే అది బేరం సంగతే కాదు, ఇవ్వొద్దు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

కరీంనగర్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. తరుగు లెక్క నాన్నకి చదివి వినిపించాను. వంటలవాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి, ప్లేటుకి ఇంత అంటున్నారు, ఎంతవరకు తగ్గించొచ్చు?

పద్దులరావు:
ప్లేటు రేటు బాగా నొక్కితే ఒప్పుకుంటారు, ఆ కోత నెయ్యిలోనో వడ్డించే మనుషుల్లోనో తేలుతుంది. అందుకని ఐటమ్స్ మీద మాట్లాడండి, రెండు స్వీట్లకి బదులు ఒకటి చాలంటే రేటు దానంతట అదే దిగుతుంది. కనీసం ఎన్ని ప్లేట్లకి కట్టాలి, జనం ఎక్కువ వస్తే ఏంటి, నీళ్ల బాటిళ్లు, వడ్డన, గిన్నెలు తోమేవాళ్లు అందులోనేనా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్స్ ఇచ్చాక మళ్లీ బేరం ఎత్తొద్దు. భోజనాలయ్యాక బాకీలో కోత పెట్టడం అసలే వద్దు, ఆ రాత్రికే ఆయన తన మనుషులందరికీ కూలీ ఇచ్చుకోవాలి.