22ని 2222 చేస్తే భద్రత వచ్చినట్టేనా? పోర్టు నంబర్ల మార్పుపై మీ మాట చెప్పండి

ఒంగోలు_వైరింగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒంగోలులో సీసీ కెమెరాలు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్కులు బిగిస్తుంటాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు మా పాత కస్టమరు. అక్కడి కంప్యూటర్లో ట్యాలీ ఉంది. అకౌంటెంట్ గారు ఒంగోలులో ఇంట్లో కూర్చునే దాన్ని తెరవాలన్నారు. రెండేళ్ల కిందట రూటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని లోపలి కంప్యూటర్‌కి పంపే రూలు) పెట్టి రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చాను. ఆర్‌డీపీ మామూలుగా 3389 మీద ఉంటుంది కదా, బయటివైపు దాన్ని 33890 చేశాను. "నంబరు మార్చేశాం సార్, ఇక ఎవడూ కనుక్కోలేడు" అని ఓనరు గారికి ధైర్యం కూడా చెప్పాను.

మొన్న నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పనికి వెళ్తే అక్కడి సిస్టమ్ అడ్మిన్ అన్న ఈ సంగతి విని నవ్వాడు. "తాళం వెయ్యకుండా తలుపుని పెరటివైపుకి మార్చావు" అన్నాడు. నాకు పని నేర్పిన ఇంకో సీనియర్ మాత్రం, దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌ని 22 నుంచి మార్చకుండా ఒక్క సర్వరు కూడా బయటికి వదలడు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. నేను ఎవరి మాట వినాలి?

కావలి_లైనక్స్

తమ్ముడూ, మీ సీనియర్ మాటే నా మాట. నా సర్వరు ఒకటి 22 మీద ఉన్నన్నాళ్లూ, ఎవరెవరు లాగిన్‌కి ప్రయత్నించారో రాసుకునే లాగ్ ఫైలు తెరవాలంటే భయం వేసేది. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్... ఊరూపేరూ లేని ఐపీల నుంచి రోజుకి వేల ప్రయత్నాలు. పోర్టు మార్చిన మరునాడు లాగ్ చూస్తే నిశ్శబ్దం. అంతకుముందు ఆ చెత్తలో అసలైన దొంగ ఒక్కడు వచ్చినా నాకు కనిపించేవాడు కాదు. ఇప్పుడు ఒక్క లైను కొత్తగా వచ్చినా ఎవరా అని చూస్తాను. ఇది భద్రత కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

స్వర్ణాల_గట్టు

అన్నా, లాగ్ శుభ్రపడిందంటే ఒప్పుకుంటాను, సర్వరుకి బలం పెరిగిందంటే మాత్రం ఒప్పుకోను. పోర్టు నంబరు 16 బిట్లు. 0 నుంచి 65535 దాకా, అంతే. అంటే మీ రహస్యం అయిదంకెల పిన్ కంటే కూడా చిన్నది. పైగా ఏటీఎంలో మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది, ఇక్కడ ఎన్నిసార్లు తట్టినా అడిగేవాడు లేడు. ఒక్క ఐపీ మీద 65 వేల పోర్టులూ తట్టి చూడటం నిమిషాల పని. తలుపు దొరికాక వెనక ఏముందో కనిపెట్టడం ఇంకా తేలిక. ఎస్‌ఎస్‌హెచ్ అయితే కనెక్ట్ అవగానే "నేను ఎస్‌ఎస్‌హెచ్, నా వెర్షన్ ఇది" అని తనే ముందు చెప్పేస్తుంది. ఆర్‌డీపీ కూడా మొదటి పలకరింపులోనే దొరికిపోతుంది.

కెర్కాఫ్స్ అనే ఆయన 1883లోనే రాశాడు, యంత్రం వివరాలన్నీ శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, రహస్యంగా ఉండాల్సింది తాళంచెవి ఒక్కటే అని.

రొట్టెల_పండగ

మా నెల్లూరోళ్లకి పోర్టు అంటే కృష్ణపట్నం ఒక్కటే అన్నా. ఈ 22, 3389 ఏంది, కొంచెం మామూలు మనిషికి అర్థమయ్యేట్టు చెప్పండి. చదవాలని ఉంది, తల తిరుగుతా ఉంది.

కందుకూరు_టీచరమ్మ

కృష్ణపట్నం అన్నావు కాబట్టి దాంతోనే చెప్తాను. ఐపీ అడ్రసు అంటే రేవు ఎక్కడుందో చెప్పే చిరునామా. పోర్టు నంబరు అంటే ఆ రేవులో ఓడ ఆగే బెర్త్. బొగ్గు ఓడ ఏ బెర్త్ దగ్గర ఆగాలో ముందే అనుకుంటే దించుకునేవాళ్లు అక్కడ సిద్ధంగా ఉంటారు. అలాగే వెబ్ పేజీ అయితే 80, తాళం గుర్తు ఉన్న వెబ్ పేజీ అయితే 443, పేర్లని ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్ 53, మెయిలు సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు పంపుకునేది 25. ఇవన్నీ ప్రపంచమంతా ఒప్పుకున్న నంబర్లు, ఎవరూ అడగకుండానే తెలుస్తాయి. 1023 దాకా ఉన్నవి ఇలాంటి పేరుమోసిన వాటికి కేటాయించారు.

22 సంగతి నాకు ఇష్టమైన కథ. 1995లో ఫిన్లాండులో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అప్పటిదాకా జనం వాడేది టెల్‌నెట్, ఎఫ్‌టీపీ. రెండింటిలోనూ పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టు దారిలో అందరికీ కనిపించేలా పోయేది. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. వాటి పని తను చేస్తుంది కదా అని మధ్యలో ఖాళీగా ఉన్న 22 ఇమ్మని నంబర్లు పంచే ఐయానాకి ఈమెయిలు పెట్టాడు. మరునాటికల్లా ఇచ్చేశారు. మనకి రేషన్ కార్డులో పేరు చేర్చాలంటే ఎన్నిసార్లు తిరగాలో!

కావలి_లైనక్స్

గట్టు తమ్ముడూ, నిమిషాల పని అన్నావు. అది నా ఒక్కడి మీద కన్నేసినవాడికి. నా మీద ఎవడు కన్నేస్తాడు? నా భయం ఊరంతా తిరిగే దొంగతో. వాడి లెక్క వేరు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అని ఒక స్కానర్ తెచ్చారు. గిగాబిట్ లైను ఉంటే ఒకే మెషీన్‌తో, ఒక పోర్టు మీద, మొత్తం ఐపీవీ4 అడ్రసులన్నీ 45 నిమిషాల్లోపే తట్టి వస్తుంది. బాగానే ఉంది. మరి అన్ని పోర్టులూ తట్టాలంటే? 45ని 65,536తో గుణించు. 2048 రోజులు, అంటే అయిదున్నరేళ్ల పైమాట. అందుకే వాడు 22 తట్టి, 3389 తట్టి ముందుకి పోతాడు. నేను వాడి దారిలో లేను. నాకు అది చాలు.

ఇంకోటి. 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే రెగ్రెషన్ అనే పెద్ద లోపం బయటపడింది, పాస్‌వర్డుతో పని లేకుండా లోపలికి రాగలిగే రకం. అలాంటి రోజున 22 మీద ఉన్నవాడికి ముందు తగులుతుంది. నాకు ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, వేసుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. ఆ ఒక్క రాత్రికి విలువ లేదా?

స్వర్ణాల_గట్టు

గుణకారం బాగుంది బాబాయ్, నేను కూడా వేసి చూశాను, సరిపోయింది. కానీ వాళ్లు ఒక్క మెషీన్‌తో తిరగరు కదా, పదివేల మెషీన్లు పంచుకుంటారు. కొందరైతే తిరగనే తిరగరు. షోడాన్ లాంటి సైట్లు 2009 నుంచి ఇదే పని మీద ఉన్నాయి. ఎక్కడ ఏ పోర్టు తెరిచుందో, వెనక ఏముందో ముందే రాసి పెట్టుకుంటాయి. అందులో వెతికితే చాలు. ఆ ఒక్క రాత్రి మాట మాత్రం కాదనలేను. అది నిజమే.

ఇందుకూరుపేట_ఏరేటర్

మీ లెక్కలు నాకు తెలియవు, నాకు జరిగింది చెప్తా. రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టించాం. రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఇంట్లో పడుకుని ఫోన్లో చూసుకోవడానికి. కరెంటు పోయి ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి సరుకు పైకి తేలుతుంది, ఆ టెన్షన్ పెంచినోడికే తెలుసు. బిగించిన అబ్బాయి డీవీఆర్ పోర్టు 8000 ఉంటే 8001 చేశాడు, "సెక్యూరిటీ సార్" అన్నాడు. పాస్‌వర్డు మాత్రం 12345 అలాగే ఉంచాడు. మూడు నెలలకి ఒక రాత్రి చూస్తే తిరిగే కెమెరా చెరువు వదిలేసి ఆకాశం చూస్తా ఉంది. గాలికనుకుని మనిషిని పంపించి సరిచేయించా. అరగంటకి మళ్లీ ఆకాశం. ఎవడో యాడనో కూర్చుని నా కెమెరాతో ఆడుకుంటా ఉన్నాడు. ఆ రాత్రే వైరు పీకేశా.

కందుకూరు_టీచరమ్మ

మీరు చెప్పింది చిన్న సంగతి కాదండీ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లోకమంతా ఇలాగే కెమెరాలనీ డీవీఆర్‌లనీ పట్టుకుంది. పెద్ద తెలివేమీ లేదు. టెల్‌నెట్ తలుపు తట్టడం, కంపెనీ వాళ్లు పెట్టి పంపిన పాస్‌వర్డులు అరవై చిల్లర వరసగా వేసి చూడటం. ఆ అక్టోబరు 21న ఆ కెమెరాలన్నిటితో డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి చేస్తే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లే తెరుచుకోలేదు. ఆ దాడికి కొన్ని వారాల ముందే దాని కోడు బయటికొచ్చింది. మన చర్చకి పనికొచ్చే లైను అందులో ఒకటుంది: పది ప్రయత్నాల్లో తొమ్మిది 23 మీద, ఒకటి 2323 మీద. 23ని మార్చేవాళ్లు ఏం చేస్తారో వాళ్లు ముందే ఊహించారు. 3389 పక్కన సున్నా పెట్టడం కూడా అలాంటి ఊహే కదా, ఒంగోలు తమ్ముడూ?

ఒంగోలు_వైరింగ్

అక్కా, సిగ్గేస్తోంది. నాకు అప్పుడు అదే పెద్ద తెలివి అనిపించింది. అయితే ఊహకి అందని నంబరు, 47113 లాంటిది, పెడితే సరిపోతుందా?

పొగతోట_సర్వర్స్

పెద్ద నంబర్లతో ఇంకో తలనొప్పి ఉంది, ఎవరూ చెప్పలేదు. లైనక్స్‌లో 1024 కంటే కింది పోర్టు తెరవాలంటే రూట్ అధికారం, అంటే మెషీన్ మొత్తం మీద పెత్తనం, కావాలి. పైవి ఏ మామూలు యూజరైనా తెరవొచ్చు. కాలేజీ ల్యాబు సర్వరులాగా వందమంది లాగిన్ అయ్యే చోట ఎస్‌ఎస్‌హెచ్‌ని 2222లో పెట్టావనుకో, అది ఎందుకో ఆగిపోయిన రెండు నిమిషాల్లో ఒక చురుకైన కుర్రాడు తన సొంత దొంగ ప్రోగ్రాముని అక్కడ కూర్చోబెట్టగలడు. తెలియక పాస్‌వర్డులు కొట్టేవాళ్లు కొట్టేస్తారు.

కావలి_లైనక్స్

సర్వరు గుర్తింపు, అంటే హోస్ట్ కీ, మారిందని స్క్రీన్ నిండా హెచ్చరిక వస్తుంది కదా.

పొగతోట_సర్వర్స్

వస్తుంది. చదివేదెవరు అన్నా? పాత కీ తీసేసి మళ్లీ కనెక్ట్ అయ్యేవాళ్లే ఎక్కువ. నేను కూడా తీసేశాను ఒకటి రెండుసార్లు.

స్వర్ణాల_గట్టు

ఒంగోలు అన్నా, 47113 పెట్టినా మీ సమస్య తీరదు. కావలి బాబాయ్ సర్వరులో పాస్‌వర్డు లాగిన్ ఉంచారో లేదో అడగండి.

కావలి_లైనక్స్

ఉంచలేదు. పాస్‌వర్డు బదులు కీ ఫైలు ఉంటేనే లాగిన్. రూట్‌కి నేరుగా దారి లేదు. పదేపదే తప్పుగా ప్రయత్నించే ఐపీలని ఆపేసే ఫెయిల్‌2బ్యాన్ కూడా నడుస్తోంది. అవన్నీ చేశాకే పోర్టు మార్చాను. ముందు ఆ మాట రాయకపోవడం నా తప్పే.

స్వర్ణాల_గట్టు

చూశారా, అసలు తాళం అక్కడుంది. పోర్టు మార్పు దానిమీద రంగు. రంగు వద్దని నేను అనను, రంగుని తాళం అంటేనే నా గొడవ.

కావలి_లైనక్స్

రంగు కాదు, గడప ముందు కుక్క. దొంగని ఆపకపోయినా మొరుగుతుంది. సరే, ఒంగోలు తమ్ముడి ప్రశ్న పక్కకి పోతోంది. ఆ ఆఫీసు కంప్యూటర్లో విండోస్ ఏది?

ఒంగోలు_వైరింగ్

విండోస్ 7 అన్నా.

పొగతోట_సర్వర్స్

అయ్యో.

కావలి_లైనక్స్

తమ్ముడూ, ఇక్కడ నేను కూడా పార్టీ మారిపోతున్నా. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ఆగిపోయింది. అంతకుముందే, 2019 మేలో ఆర్‌డీపీలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డు అడగకుండానే లోపలికి. ఎంత ప్రమాదం అంటే, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ ఇచ్చింది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై ఎలా పాకిందో గుర్తుందా? 445 మీద ఉండే, ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ ద్వారా. దాని ప్యాచ్ రెండు నెలల ముందు మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే పోయారు. మీ మెషీన్‌లో అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికి తెలుసు! నా ఒక రాత్రి వాదన ప్యాచ్ వచ్చే మెషీన్లకి. మీ దానికి ఏ రాత్రీ సరిపోదు.

పొగతోట_సర్వర్స్

ఆ రూలు తీసేసి వైర్‌గార్డ్ పెట్టు. అది వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి కీతో వెళ్లే రహస్య దారి, యూడీపీ 51820 మీద నడుస్తుంది. అకౌంటెంట్ గారు ముందు వీపీఎన్ కలుపుకుంటారు, ఆ తర్వాత ఆఫీసులో కూర్చున్నట్టే లోపలి అడ్రసుతో ఆర్‌డీపీ తెరుచుకుంటారు. బయటికి 3389 లేదు, 33890 లేదు. ట్యాలీ మెషీన్ కూడా మార్పించు.

ఒంగోలు_వైరింగ్

51820 కూడా తెరిచిన పోర్టే కదా అన్నా? తేడా ఏముంది?

పొగతోట_సర్వర్స్

మంచి ప్రశ్న. సరైన కీతో రాని ప్యాకెట్‌కి వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు. కాదు అని కూడా అనదు. తట్టినవాడికి అక్కడ తలుపుందో గోడ ఉందో తెలియదు. నంబరు ఊరంతా తెలిసినా ఫర్వాలేదు, ఎందుకంటే దాచింది నంబరుని కాదు, కీని. కెర్కాఫ్స్ పెద్దాయన చెప్పింది అదే. ఒక్క సంగతి చూసుకో, ఆఫీసుకి పబ్లిక్ ఐపీ ఉందా? రూటర్లో వాన్ అడ్రసు, అంటే బయటివైపు ఐపీ, 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే నెట్ కంపెనీ వాళ్లు ఒకే ఐపీని చాలామందికి పంచుతున్నారని లెక్క. అప్పుడు లోపలికి దారి ఉండదు.

ఒంగోలు_వైరింగ్

స్టాటిక్ ఐపీ డబ్బు కట్టి తీసుకున్నాం, ఇబ్బంది లేదు. ఇప్పుడే ఫోన్ చేసి ఆ 33890 రూలు తీయించేశాను. ఓనరు గారు "రెండేళ్లూ ఏమీ కాలేదు కదయ్యా" అన్నారు. విండోస్ 7 అన్నాక మాట్లాడలేదు, కొత్త కంప్యూటర్ ఎంతవుతుందో కొటేషన్ పంపమన్నారు. సోమవారం వెళ్లి వైర్‌గార్డ్ పెడతాను. అప్పటిదాకా అకౌంటెంట్ గారు చీమకుర్తి బస్సెక్కి వెళ్తానన్నారు, కానీ చార్జీలు నన్నే ఇమ్మంటున్నారు.

ఇందుకూరుపేట_ఏరేటర్

చార్జీలు ఇచ్చేయ్ అబ్బాయ్. అయ్యాక ఒకసారి మా వైపు రా, వైరు ఇంకా పీకేసే ఉంది.